కడియం కలిసిన స్టాండు

పరిశోధన ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, కాసేపు కూర్చుంటారు, చివరికి "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. కొత్త లోహం కనిపెట్టిన కథ ఏదైనా చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటిదేమీ లేదు నాయనా. అల్యూమినియం ఎలా పుచ్చిపోతుందో చూస్తూ నా ఉద్యోగమంతా గడిపేశాను. అది పుచ్చడమైనా త్వరగా పుచ్చుతుందా అంటే అదీ లేదు. ఉప్పుగాలికి పలకలు నిలబెట్టి ఏళ్ళ తరబడి వాటి మొహం చూస్తూ కూర్చోవాలి. పెళ్ళయిన కొత్తలో మా ఆయన "ఇవాళ ఆఫీసులో ఏం జరిగింది?" అని అడిగేవారు. "ఏం జరగలేదు, ఇంకో రెండేళ్ళకి జరుగుతుంది" అనేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం మానేశారు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగింది. జరక్కుండా ఉంటే బాగుండేది.

రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు నన్ను బందరు వేశారు. మంగినపూడి దారిలో సముద్రానికి దగ్గరగా మాకో చిన్న కేంద్రం ఉండేది. రెండు గదులు, ఒక పరీక్ష యంత్రం, ఉన్నట్టుండి పోయే కరెంటు, వెనకాల ఇసుకలో ఏటవాలుగా నిలబెట్టిన లోహపు పలకల వరసలు. ఆ పలకల మీద పక్క పల్లె ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టేవాళ్ళు. వద్దని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. వాళ్ళలో ఒకామె మరీ మొండిఘటం. నేను కేకలేస్తుంటే తాపీగా చేపలు తిరగేస్తూ, "మీ రేకులు ఊరికే ఎండలో పడుండేవే కదా మేడమ్ గారూ, నా చేపలు కాసేపు పడుకుంటే వాటికేం నొప్పి?" అనేది. ఒకరోజు కోపం పట్టలేక బుట్ట నేనే ఎత్తి అవతల పెట్టాను. మర్నాడు ఆకులో చుట్టిన ఎండుచేపలు నా టేబుల్ మీద ఉన్నాయి. మా ఇంట్లో చేప వండరని తెలిసే పెట్టింది. మా ఇద్దరి స్నేహం అలా మొదలైంది.

ఆ పల్లె బోట్లకి ఇనుప ఇంజను స్టాండ్లు ఉండేవి. స్టాండంటే బోటు వెనక ఇంజనునీ పంకా రాడ్డునీ పట్టుకుని ఉండే దిమ్మ. ఇనుముది ఉప్పునీళ్ళకి ఏడాది తిరక్కుండానే పొరలు పొరలుగా ఊడిపోయేది, బరువు కూడా ఎక్కువ. దాని బదులు అల్యూమినియం స్టాండు పోయించి ఇద్దామని మా పై ఆఫీసు ఒక పథకం పెట్టింది. మేం మిశ్రమం తయారుచేశాం. అల్యూమినియంలో కాస్త సిలికాన్, చిటికెడు మెగ్నీషియం. రాగి మాత్రం దాదాపు ఉండకూడదు. రాగి కలిసిన అల్యూమినియానికి ఉప్పునీళ్ళు తగిలితే పైకి చుక్కల్లా కనిపించే గుంటలు పడతాయి, లోపలంతా దొలిచేస్తాయి. ఇంతకు మించి మెటలర్జీ చెప్పి మిమ్మల్ని విసిగించను.

పోత పోసే పని గుడివాడలో ఒక మేస్త్రీ గారికి అప్పగించాం. గుడి గంటలూ దీపపు కుందులూ పోసిన వంశం ఆయనది. గంటలకి గిరాకీ తగ్గిపోయి, రొయ్యల చెరువుల మోటార్లకి మూతలు పోసుకుంటున్నారు. నెమ్మదస్తుడు. మాట తక్కువ, దణ్ణం ఎక్కువ. దిమ్మల అల్యూమినియం మేమే పంపేవాళ్ళం. మూసలో లోహం కరిగాక ముందు ఒక చిన్న బిళ్ళ పోసి, ఆ తర్వాత స్టాండు పోసి, రెండూ కలిపి మాకు పంపాలి. బిళ్ళని మేం యంత్రం మీద పరీక్ష చేసి, బాగుంటే స్టాండు వాడుకోమని చెప్పేవాళ్ళం. వచ్చిన బిళ్ళ ప్రతిదీ బాగానే ఉంది. నా కింద పనిచేసే టెక్నికల్ ఆఫీసరు అనేవాడు, "ఈయన పోత చూస్తే ముచ్చటేస్తుంది మేడమ్" అని. షుగరూ కోపమూ రెండూ ఉన్న మనిషి అతను. అతని నోట ఒక మెచ్చుకోలు రావడమే వింత.

బోట్లవాళ్ళు స్వయంగా గుడివాడ వెళ్ళి పోయించుకునేవాళ్ళు. ఎవరి స్టాండు వాళ్ళ కళ్ళముందే పోయాలని పట్టుబట్టేవాళ్ళు. పెళ్ళానికి కొత్త చీర కట్టించి, కొబ్బరికాయ పట్టుకుని బస్సెక్కేవాళ్ళు. నాకది ముద్దుగా అనిపించేది.

రెండో ఏడు, వేట నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ బయల్దేరిన కొత్తలో, దివిసీమ వైపు కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక బోటు స్టాండు విరిగింది. ఇంజను ఊడి నీళ్ళలో పడింది. అదుపు తప్పిన బోటుని అలలు అడ్డంగా కొట్టేశాయి. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డెక్కారు. ఇంజను దగ్గర కూర్చున్నవాడు ఎక్కలేదు. బోటు కోడూరు అవతల ఇసుక మీదికి కొట్టుకొచ్చింది, మనిషి తర్వాత దొరికాడు. నా పలకల మీద చేపలు ఎండబెట్టే ఆ మొండిమనిషి మొగుడే అతను.

నేను వెళ్ళాను. ఆమె నన్ను చూసి ఏడవలేదు, మాట్లాడలేదు. పక్కనున్న ముసలామె మాత్రం "మీరిచ్చిన స్టాండే కదమ్మా" అంది.

బోటుకి బిగించి ఉన్న సగం ముక్కని విప్పి తెచ్చాం. విరిగిన చోట చూడగానే తెలిసిపోయింది, పుప్పిపన్ను లాగా ఉంది. యంత్రం మీద పెడితే రాగి ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు కనిపించింది. అదే స్టాండుకి వచ్చిన బిళ్ళ దాచి ఉంచాం కదా, దాన్ని మళ్ళీ పెట్టాం. అందులో రాగి లేదు.

టెక్నికల్ ఆఫీసరు టేబుల్ మీద గుద్దాడు. "మోసం మేడమ్! మనకి పంపే బిళ్ళ మంచి లోహంతో పోసి, స్టాండులో పాత మోటారు తీగలు కలిపాడు. మన దిమ్మలు మిగుల్చుకోవడానికి. పచ్చి కల్తీ."

"తేలేదాకా బయట అనకండి" అన్నాను. అతను సాయంత్రం టీ కొట్టు దగ్గర అనేశాడు. మర్నాటికి పల్లెంతా తెలిసింది, ఆ వారంలోనే గుడివాడకీ తెలిసింది. పల్లెవాళ్ళు వెళ్ళి మేస్త్రీ గారి షెడ్డు మీద రాళ్ళేసి వచ్చారు. చెరువులవాళ్ళు మూతల పని ఇవ్వడం మానేశారు.

నేను పామర్రులో బస్సు మారి, మోకాళ్ళ నొప్పులతో చచ్చీ చెడీ గుడివాడ చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కొలిమి చల్లగా ఉంది. మేస్త్రీ గారు అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి దణ్ణం పెట్టారు.

"మోటారు తీగలు కలిపారా?" అని నిలబడే అడిగాను.

"లేదండి."

"మరి రాగి ఎక్కడిది?"

"నేనే వేశానండి మేడమ్ గారూ. రాసేసుకోండి."

"తీగలు కలపలేదంటారు, రాగి వేశానంటారు. ఏంటండీ ఈ మాటలు? మనిషి పోయాడక్కడ!"

నాకు ఓపిక నశించి అరుగు మీద కూలబడ్డాను. అప్పుడు ఆయన చెప్పారు.

గంట పోసేటప్పుడు ఊళ్ళోవాళ్ళు వచ్చి తలా కాస్త రాగో, వెండో, బంగారపు పూసో కరిగే లోహంలో వేస్తారట. అది దేవుడి సొమ్ము అవుతుంది, వేసినవాళ్ళకి మంచి జరుగుతుంది. ఆయన తాత ఎవరినీ కాదనలేదు, తండ్రీ కాదనలేదు. బోటు స్టాండుకి కొబ్బరికాయ కొట్టడానికి వచ్చిన మొదటామె, "మాక్కూడా వెయ్యనిస్తారా అండీ, అమ్మవారు కాపాడుద్ది" అని అడిగింది. ఈయన సరేనన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ ఏదో ఒకటి పట్టుకొచ్చారు.

"మరి బిళ్ళలో ఎందుకు కనపడలేదు?"

"బిళ్ళ ముందే పోసేస్తాం కదండీ. మీ పని అయ్యాకే దేవుడి పని. మీ దానికి ఎంగిలి తగలకూడదని."

మా పరీక్షకి అంత మర్యాద ఇచ్చినవాళ్ళు అంతకుముందూ లేరు, ఆ తర్వాతా లేరు.

"చనిపోయినతని భార్య ఏం వేసింది?"

"అత్తగారి రాగి కడియమండి. వాతానికి వేసుకునేదట. మందంగా ఉండేది. ఆ చిన్న మూసకి అది ఎక్కువేనండి." మళ్ళీ ఆయనే అన్నారు: "గంటలో రాగి ఎంత ఉంటే అంత బలం. దీంట్లో విషమని నాకు తట్టలేదండి."

"ఈ మాట పల్లెలో ఎందుకు చెప్పలేదు? షెడ్డు మీద రాళ్ళేస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నారా?"

ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశారు. "ఎట్టా చెప్పమంటారండీ? మొగుణ్ణి కాపాడమని వేసిందండి ఆ బిడ్డ. నీ కడియమే చంపిందని చెప్తే ఎట్టా బతుకుద్ది? నన్ను కల్తీగాడనుకోనివ్వండి. కొన్నాళ్ళకి మర్చిపోతారు."

తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. పక్కసీటావిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

నిజంగా ఊరుకునేదాన్నేమో. పై ఆఫీసు "స్టాండ్లన్నీ వెనక్కి తెప్పించండి" అంది, హమ్మయ్య అనుకున్నాను. కారణం చెప్పకుండా అన్నీ విప్పించేస్తే సరిపోతుంది. కానీ పల్లెవాళ్ళు విప్పనివ్వలేదు. వేట ఇప్పుడే మొదలైంది, స్టాండు తీసేస్తే పొయ్యి వెలగదు. వాళ్ళకి ఇంకో లెక్క కూడా ఉంది. "మేస్త్రీ కల్తీ చేసింది ఆ ఒక్కదాంట్లోనే. మాది అమ్మవారికి ఇచ్చి పోయించుకున్న స్టాండు మేడమ్ గారూ, దీనికేం కాదు" అన్నారు. ఏమీ వేయని ఇద్దరు ముగ్గురు మాత్రం భయపడి, మంచి స్టాండ్లు తెచ్చి మా గుమ్మంలో పడేశారు. పుచ్చిపోయేవన్నీ సముద్రం మీద తిరుగుతున్నాయి, బాగున్నవి నా వరండాలో ఉన్నాయి. ఆ వరండాలో కూర్చుని తల పట్టుకున్నాను. చెప్పక తప్పదు. చెబితే ఆమె గతేంటి?

తుఫాను షెల్టరు వరండాకి అందరినీ పిలిచాం. పొద్దున్నే వేటకి వెళ్ళకుండా ఆగారు, ఆ విసుగు మొహాల్లో ఉంది. మేస్త్రీ గారు వస్తానన్నారు గానీ లోపలికి రాలేదు, ఎండలో ఆటో పక్కన నిలబడ్డారు. ఆయన్ని చూసి కొందరు ఉమ్మేశారు. ఆడవాళ్ళ వరసలో చివర ఆమె కూర్చుని ఉంది. నేను రాత్రంతా మాటలు కూర్చుకున్నాను, ఎవరి పేరూ రాకుండా, ఎవరి వస్తువూ రాకుండా. లోహాల్లో ఒకదానికొకటి పడనివి ఉంటాయని మొదలుపెట్టాను. ఒక పెద్దాయన మధ్యలోనే ఆపేశాడు.

"అమ్మవారికి వేసింది అమ్మవారెందుకు పాడుచేస్తుందండీ? మీ చదువులు మీవి, మా నమ్మకం మాది."

మా టెక్నికల్ ఆఫీసరు లేచి గ్రాఫు కాగితం చూపించబోయాడు. కూర్చోమని చెయ్యి పట్టుకుని లాగాను.

చివర్న కూర్చున్న ఆమె లేచి నిలబడింది.

"మా స్టాండులో ఏముంది మేడమ్ గారూ?"

"రాగి ఉందమ్మా."

"అది మేస్త్రీ కలిపిందా, నేను వేసిందా?"

ఆటో పక్కన మేస్త్రీ గారు వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నారు. ఏదో ఒక మెత్తని అబద్ధం దొరక్కపోతుందా అని ఒక్క క్షణం వెతుక్కున్నాను. ఆమె కళ్ళు చూశాక చెప్పలేకపోయాను. ఆమెకి అప్పటికే తెలుసు. మేస్త్రీ పేరు వచ్చిన రోజు నుంచీ ఆలోచిస్తూనే ఉండి ఉంటుంది.

"నువ్వు వేసిందేనమ్మా. మేస్త్రీ గారు ఏమీ కలపలేదు."

ఆమె పడిపోతుందేమోనని నేను ముందుకి వంగాను. పడలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"విన్నారుగా. నేను మా అత్త కడియం వేశాను. ఎవరెవరు ఏం వేశారో ఇప్పుడు చెప్పండి. సిగ్గుపడమాకండి. మీ మొగుళ్ళు ఇంకా ఉన్నారు."

ముందు ఒక చిన్నపిల్ల, పెళ్ళయి ఏడాది కాలేదు, "రాగి చెంబు మూత" అంది. పక్కామె "చిన్న ఇత్తడి గంట" అంది. ఇంకొకామె మామగారి రాగి తాయెత్తు, మరొకామె తన మట్టెలు. ఒక్కొక్కరు చెబుతుంటే మొగవాళ్ళు లేచి గోడ పక్కన నిలబడ్డారు. కొందరికి అప్పటిదాకా తమ స్టాండులో ఏం పడిందో సరిగా తెలియదు. అమ్మవారి మాటెత్తిన పెద్దాయన కోడలు కూడా చెప్పింది. ఆయన ఇంకేమీ అనకుండా తువ్వాలు దులిపి, స్పానరు తెమ్మని కొడుకుని కేకేశాడు.

అంతా అయ్యాక ఆమె బయటికి చూసి, "ఆయన్ని ఎండలో నిలబెట్టారేంటి? లోపలికి పిలవండి" అంది. మేస్త్రీ గారు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చారు. షెడ్డు మీద రాళ్ళేసినవాళ్ళలో ఒకడు కుర్చీ తెచ్చి వేశాడు. మా టెక్నికల్ ఆఫీసరు తల దించుకుని సంచి సర్దుకుంటున్నాడు.

ఇక అయిపోయిందనుకుని నేనూ లేచాను. వదిలితేగా!

"మట్టెలు వెండివి కదండీ, వెండి మంచిదేగా?"

"వెండీ వద్దమ్మా."

"పోనీ బంగారం?"

"బంగారం అసలే వద్దు తల్లీ."

"మరి ఏం వెయ్యమంటారు? ఏమీ వెయ్యకుండా నీళ్ళ మీదకి పంపమంటారా?"

ఏమీ వెయ్యొద్దని చెప్పాల్సిందాన్ని. నియమం అదే. కానీ వెయ్యకుండా ఉండరని ఆ మొహాలు చూస్తే తెలుస్తోంది, నాకు తెలియకుండా వెయ్యడం కన్నా తెలిసి వెయ్యడం నయం. "వెయ్యాలనే ఉంటే సత్తు గిన్నె ముక్క వెయ్యండి. సత్తంటే అల్యూమినియమే. అదీ నేను చూసి సరేనన్నాకే" అన్నాను.

"సత్తా! అమ్మవారికి సత్తు పెడతామా మేడమ్ గారూ?" అని నోళ్ళు నొక్కుకుని నవ్వారు. ఆమె నవ్వలేదు.

తుఫాన్ల రోజులు మొదలయ్యే లోపే కొత్త స్టాండ్లు పోయడానికి ఏర్పాటైంది. పై ఆఫీసుతో పోట్లాడి, చేత్తో పట్టుకునే పరీక్ష యంత్రం ఒకటి తెప్పించుకుని, గుడివాడ షెడ్డులో నేనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏదైనా వేస్తే ముందే వెయ్యాలి, అది కరిగాక బిళ్ళ పొయ్యాలి, బిళ్ళ చూశాక స్టాండు పొయ్యాలి. కొలిమి వేడికి నా కళ్ళద్దాలు జారిపోతున్నాయి. ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు, ఈ వయసులో ఇదేం కర్మ అని తిట్టుకుంటున్నాను. మొదటి మూస ఇంకా కరగలేదు, ఆమె వచ్చింది. ఎవరూ తోడు లేకుండా బస్సు మీద వచ్చింది. చేతిసంచిలోంచి పాత తువ్వాలు తీసి విప్పింది. అందులో ఒక సత్తు క్యారేజీ గిన్నె.

"ఆయన వేటకి తీసుకెళ్ళేదండి. బోటులో తాడేసి కట్టి ఉంది, దాంతో పాటే వచ్చేసింది. ఇది సత్తేగా?"

గిన్నె తీసుకుని లోపలికి చూశాను. అడుగంతా సన్న సన్న గుంటలు. ఏళ్ళ తరబడి చేపల పులుసులోని ఉప్పూ చింతపండూ కలిసి తిన్న గుంటలు. నా ఉద్యోగంలో నేను చూసిన గుంటలకి ఫొటోలు తీశాను, లోతు కొలిచాను, వ్యాసాలు రాశాను. ఈ గుంటల మీద వేలు పెట్టి ఊరికే కూర్చున్నాను.

అంచు మీద కాస్త గీకి యంత్రం ఆనించాను. ఆమె ఆ చిన్న తెర వైపే చూస్తోంది, పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడిన తల్లిలాగా.

"పాసైందాండీ?"

"పాసైందమ్మా. రాగి లేదు."

మేస్త్రీ గారు రెండు చేతులతో గిన్నె అందుకున్నారు. "ఎవరి స్టాండులో వెయ్యమంటావమ్మా?" అని అడిగారు.

"అందరి దాంట్లో తలా ముక్క వెయ్యండి. నాకిప్పుడు బోటు లేదుగా."

మేస్త్రీ గారు పెద్ద కత్తెర తీసుకుని, గిన్నెని ముక్కలు చెయ్యడం మొదలుపెట్టారు.